అందరి ఫోన్లలో వీరదుర్గ గొంతు

రావులపాలెం అరటి మార్కెట్లో, పట్టపగలు, లారీల వాళ్లూ కూలీలూ చూస్తుండగా మా చిట్టియ్య పళ్ళు రాలగొట్టాడు ఒకడు. చిట్టియ్య ఏమీ అనలేదు. అతని చొక్కా జేబులో ఉన్న ఫోన్ అంది. "చార్జింగ్ అయిపోతోందండి, కాస్త పెట్టండి" అని మర్యాదగా, మెత్తగా ఒక ఆడమనిషి గొంతుతో అంది. ఆ మెత్తని మాటకే అంత నెత్తురు కారింది.

నన్ను మా ఊళ్లో జ్ఞానమ్మ మామ్మ అంటారు. మూడో తరగతితో బడి మానేశాను గాని, చూసిందీ విన్నదీ మరచిపోయే మనిషిని కాదు. తొంభై ఆరు తుఫానులో ఎవరి ఇంటి రేకు ఎగిరి ఎవరి దొడ్లో పడిందో ఇప్పటికీ చెప్పగలను. ఇది నిన్నగాక మొన్న జరిగింది. దీన్ని మరచిపోతానా?

ముందు ఆ ఫోన్ సంగతి చెప్పాలి. ఫోన్ కొన్న కొత్తలో కంపెనీ వాళ్లు దాని బాగోగులు చూస్తారట, కొన్నాళ్లకి మానేస్తారట. పైకి శుభ్రంగానే కనిపిస్తుంది, లోపల దాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం పాతబడిపోతుంది. ఆ సిస్టమ్‌ని కంపెనీ ఊసు లేకుండా తామే రాసుకుని, రాసింది దాచకుండా, ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు అని వదిలేసే మనుషులు దేశదేశాల్లో ఉన్నారు. మా మనవరాలు ప్రిస్కిల్లా కాకినాడలో చదువుకునేటప్పుడు వాళ్లతో కలిసింది. వాళ్ల సిస్టమ్‌కి తెలుగు పెట్టే పని మా ఊరికి తెచ్చింది. శనివారం వస్తే మా లూథరన్ చర్చి వెనక హాల్లో పెద్ద చాప పరుస్తాం. ఊరివాళ్లు ఇచ్చిన పాత ఫోన్లు వరసగా పెడతాం. కొత్తగా వచ్చిన సిస్టమ్ ఎక్కించి, ఎక్కడ తప్పుతోందో చూసి రాసి పంపుతాం. ఎక్కడో కేరళలోనో జర్మనీలోనో కూచున్నవాళ్లు అది చదివి సరిచేసి, 'ఆ తప్పు మూసేశాం' అని జవాబు రాస్తారు. సైన్సు చెప్పి రిటైరైన ఐజాక్ మాస్టారు మాకు పెద్ద.

నాకూ అక్కడ పని ఉంది. తెరమీద మాట నాకు అర్థం కాకపోతే తప్పు కింద రాస్తారు. ఒకసారి ప్రిస్కిల్లా ఏదో చదివింది, "అనువర్తనం ప్రతిస్పందించుట లేదు" అని.

"ఎవరు పోయారే?" అన్నాను.

"ఎవరూ పోలేదు మామ్మా. నొక్కితే పలకడం లేదని అర్థం."

"మరి ఆ ముక్కే చెప్పొచ్చుగా. చావు కబురులా ఆ చెప్పడమేంటి?"

ఇప్పుడు ఆ చోట "ఇది పలకడం లేదండి" అని వస్తుంది. అది నేను పెట్టించిందే.

చిట్టియ్యకి షుగరు వల్ల చూపు తగ్గిపోయింది. మార్కెట్లో అరటి గెలలు మోసే మనిషి. తెరమీద అక్షరాలు కనపడవు కాబట్టి అతనికి ఫోన్ చదివి చెప్పాలి. అప్పటికి ఉన్న మిషను గొంతుకి అతను దండం పెట్టేశాడు.

"అక్కా, ఇది నన్ను పోలీసోడిలా గదమాయిస్తంది. దీన్ని గుండెకాడ పెట్టుకు తిరగలేను బాబూ" అన్నాడు.

మన పక్క మనుషుల్లా మాట్లాడే గొంతు కావాలని అందరం పట్టుబట్టాం. ఒక మనిషి కొన్ని రోజులపాటు చదివిన వాక్యాలను ముక్కలు చేసి అతికిస్తే, ఫోన్ ఏ మాటనైనా ఆ గొంతుతో చెప్పగలదట. ఆ మనిషి కోసం ఊరంతా వెతుకుతుంటే, మా ఇంట్లోనే దొరికింది. ఆమే వీరదుర్గ.

వీరదుర్గ మా మనిషి కాదు, మా మతం కాదు. సిద్ధాంతం వంతెనకి అవతల, పెనుగొండ వైపు రైతుల ఇంటి పిల్ల. నేను రావులపాలెంలో బస్సు కోసం నిలబడితే, పక్కన బెంచీ మీద కూచుని ఉంది. ఎడం చెయ్యి పైట కింద దాచుకుంది. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి, ఆ పిల్ల ఏదీ ఎక్కడం లేదు. "ఏ ఊరమ్మా?" అన్నాను. మొహం తిప్పుకుంది. పైట తొలిగింది. మోచెయ్యి గుమ్మడికాయంత వాచి నల్లబడింది. ఇంకేమీ అడగలేదు. నాతో ఎక్కించుకుని తీసుకొచ్చేశాను.

మొగుడి పేరు గంగరాజు. అరటి తోటల్లో గెలలు కోసే ముఠాకి మేస్త్రీ. ఆమె పుట్టింటికి ఫోన్ చేసిందని, ఫోన్ రోట్లో వేసి దంచి, తరవాత అదే రోకలితో చెయ్యి విరగ్గొట్టాడు. "ఇంట్లోంచి అడుగు బయటపెడితే ఎక్కడున్నా వెతికి పట్టుకుని ఆ గొంతు పిసికేత్తాను" అన్నాడట. ఎందుకంటే ఆ ఇంట్లో ఆమె గొంతు పైకి వినపడడమే వాడికి తప్పు. మా ఇంటికొచ్చాక కూడా చాలాకాలం గుసగుసలాడినట్టే మాట్లాడేది. పొద్దున్నే నాకు పేపరు చదివి పెట్టమంటే, చదువుతూ చదువుతూ గొంతు విప్పింది. వంటింట్లోంచి ప్రిస్కిల్లా గరిటె పట్టుకునే వచ్చి నిలబడిపోయింది.

హాలు మూలనున్న సామాన్ల గదికి లోపల చుట్టూ బొంతలు కట్టాం, బయటి చప్పుడు లోపలికి, లోపలి చప్పుడు బయటికి పోకుండా. గొళ్ళేనికి ఎర్ర తువ్వాలు కడితే రికార్డింగ్ జరుగుతోందని గుర్తు. ఆ బొంతల మధ్య కూచుని వీరదుర్గ మొదటిసారి గట్టిగా మాట్లాడింది, నవ్వింది, తప్పు చదివితే తన్ను తానే తిట్టుకుంది. ఒక్క వాక్యం మాత్రం ఆమె నోట రాలేదు. ఆపదలో బటన్ నొక్కితే ఫోన్ చెప్పాల్సిన వాక్యం అది: "సాయానికి పిలుస్తున్నానండి, ధైర్యంగా ఉండండి." దాన్ని అతుకుల గొంతుతో చెప్పించకూడదని, ఒక మనిషి నిండుగా చెప్పాలని సిస్టమ్ రాసేవాళ్ల నియమం. వీరదుర్గ 'సాయానికి' అనబోయేది, గొంతు పట్టేసేది. చేత్తో మెడ పట్టుకుని బయటికి వచ్చేసేది. సరే తల్లీ, తరవాత చూద్దాం అన్నాం. ఆ ఒక్కచోట మా ఫోన్ మూగగా ఉండిపోయింది.

ఆమె దాక్కున్న మనిషని మాకు తెలియకపోలేదు. జాగ్రత్త పడ్డాం. మా చర్చిలో ప్రార్థన విన్నపాలు చదివేటప్పుడు, పేరు వద్దన్నవాళ్లని పాస్టర్ గారు 'ఒక సహోదరి' అని చదువుతారు. అందరూ తల వంచుకుంటారు, ఎవరా అని పక్కకి కూడా చూడరు. ఆ అలవాటు మాకు ఒంట్లో ఇంకిపోయింది. ఇక్కడా అలాగే చేశాం. సాయం చేసినవాళ్ల పేర్లు వేసేచోట 'ఒక సహోదరి' అని వేశాం. ఫొటో లేదు, ఊరు లేదు. పేరు దాచితే మనిషిని దాచినట్టే అనుకున్నాం. గొంతు కూడా మొహమేనని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆ గొంతుని మేమే మూటగట్టి ఊరూరా పంపించాం.

ఆ శనివారం పొద్దున్న గంగరాజు వంతెన దాటి మార్కెట్‌కి లోడు తెచ్చాడు. చిట్టియ్య లారీ దగ్గర గెల దించుతున్నాడు. జేబులో ఫోన్ మాట్లాడింది. గంగరాజు భుజం మీది గెల కింద పడేశాడు.

"ఎవరిదిరా ఆ గొంతు?"

"ఫోన్‌దండి. చార్జింగ్ పెట్టమంటంది."

"నా పెళ్ళాం గొంతురా అది! ఎక్కడ దాచావురా దాన్ని?"

"మనిషి కాదు బాబూ, మిషను. అందరి ఫోన్లలోనూ ఉంటదండి."

ఆ మాట నిజమే, కానీ ఆ నిజం వాడి చెవికి ఎలా ఎక్కిందో ఊహించుకోండి. గెల కాడతో మూతి మీద కొట్టాడు. ముందు పళ్ళు ఊడి అరటాకుల మీద పడ్డాయి. చిట్టియ్య కూలబడితే ఛాతీ మీద కాలేసి తొక్కాడు. "చెప్పరా" అంటూ వేళ్లు ఒక్కొక్కటీ వెనక్కి విరిచాడు. చిట్టియ్య నోట్లోంచి నెత్తురు వచ్చింది గాని ఊరి పేరు రాలేదు. అడ్డం వెళ్లిన కూలీ ఒకడికి కత్తి చూపించాడు గంగరాజు. గెలలు కోసే వంపు కత్తి, అరటి మొద్దుని ఒక్క దెబ్బకి నరుకుతుంది. ఎవరూ దగ్గరికి రాలేదు.

తరవాత వాడు ఫోన్ తీసి తిప్పి చూశాడు. మేం బాగుచేసిన ప్రతి ఫోన్ వెనకా ఒక కాగితం అంటిస్తాం, పాడైతే శనివారం ఫలానా చర్చి వెనక హాలుకి తీసుకురండని. చిట్టియ్య ప్రాణం మీదికి తెచ్చుకుని దాచిన మాట ఆ ఫోన్ వీపు మీదే ఉంది.

హాల్లో నేనూ, ప్రిస్కిల్లా, ఐజాక్ మాస్టారూ, ఇంకా కొందరు ఆడవాళ్లమూ ఉన్నాం. వీరదుర్గ బొంతల గదిలో ఉంది, గొళ్ళేనికి ఎర్ర తువ్వాలు కట్టి ఉంది. గంగరాజు గుమ్మంలో చెప్పులు విడిచి మరీ వచ్చాడు.

"ఫోన్ బాగుచేత్తారాండి?" అన్నాడు.

"ఆయ్, ఇలా ఇవ్వు బాబూ" అని చెయ్యి చాచాను. చేతిలో పెట్టాడు. తడిగా జిగురుగా తగిలింది. చూస్తే నెత్తురు. వెనక కాగితం మీద చిట్టియ్య పేరు ఉంది, అది నా ఎదుటే రాశారు.

"చిట్టియ్య ఏడి?" అన్నాను.

"నా పెళ్ళాం ఏది?" అన్నాడు. పంచె వెనకనుంచి కత్తి తీశాడు.

ఐజాక్ మాస్టారు లేచి, బళ్లో పిల్లల్ని కోప్పడినట్టు, "ఇది దేవుడి స్థలం, కత్తి కింద పెట్టు" అన్నారు. వాడు పెట్టలేదు. ఒక్క విసురు విసిరాడు. మాస్టారి తెల్లచొక్కా భుజం దగ్గర తెరుచుకుంది, లోపలి కండా తెరుచుకుంది. ఆయన గోడకి జారబడి, ఇదేంటి అన్నట్టు తన భుజం వంక తానే చూసుకున్నారు. ఆడవాళ్లు అరుస్తూ కిటికీల వైపు పరిగెత్తారు. వాడు నా జుట్టు పట్టుకుని మెడ వెనక్కి వంచాడు.

"చెప్పవే ముసల్దానా. ఎక్కడుంది?"

"నీకు అమ్మమ్మ వయసు దాన్నిరా, సన్నాసీ!"

కత్తి పిడితో దవడ మీద కొట్టాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. కింద పడ్డాను. పడ్డచోటినుంచి చూస్తే ఎర్ర తువ్వాలు కనిపించింది. వాడూ అటు తిరుగుతున్నాడు.

అప్పుడు ప్రిస్కిల్లా లాప్‌టాప్ మీద ఏదో నొక్కింది. హాల్లో ఉన్న ఫోన్లన్నిటినీ ఒక్కసారి మాట్లాడించి పరీక్ష చేసే ఏర్పాటు ఉంది. నొక్కగానే హాలు నిండా వీరదుర్గ పలికింది. "నమస్కారమండి" అని ఒక ఫోన్, "మీకు మెసేజ్ వచ్చిందండి" అని ఇంకోటి, "ఇది పలకడం లేదండి" అని మరోటి. చాప మీదినుంచి, బల్ల కిందినుంచి, అలమారలోనుంచి, ఒకదాని మీద ఒకటి. గంగరాజు అక్కడే గిర్రున తిరిగాడు. అటు చూస్తే ఇటు పలుకుతుంది.

"నోరుముయ్యవే!" అని అరిచాడు. చాప మీద పడి నరకడం మొదలుపెట్టాడు. ఒక ఫోన్ రెండు ముక్కలైంది, పక్కది పలికింది. దాన్ని నరికాడు, దాని పక్కది పలికింది. గాజుపెంకులు లేచి వాడి మొహానికే తగులుతున్నాయి. కళ్ళు తుడుచుకోడు, నరుకుతాడు. మనిషిని నరికేవాడు ఎలా నరుకుతాడో అలాగే నరికాడండి, మెడ అనుకున్నచోట.

కత్తి ఒక బ్యాటరీలో దిగింది. ఒక్క క్షణం బుసకొట్టింది. తరవాత భగ్గుమంది. తెల్లని మంట కత్తి వెంబడి పాకి వాడి చేతిని పట్టుకుంది. పంచె అంటుకుంది. పక్కనున్న నరికిన ఫోన్లు ఒకదాని వెనక ఒకటి పేలాయి. చాప అంటుకుంది. నల్లటి విషపు పొగ హాలంతా కమ్మేసింది. వాడు కత్తి వదిలేసి, పంచె కాళ్లతో తన్నుకుంటూ ఆర్పుకున్నాడు. అరచేతి తోలు కత్తి పిడికే అంటుకుపోయింది.

పొగ బొంతల గది తలుపు కింద దూరింది. చప్పుడు ఆపే బొంతలు పొగని ఆపలేదు. వీరదుర్గ దగ్గుతూ తలుపు తీసి, ఏం జరుగుతోందో తెలియక, సరాసరి వాడి ఎదటికే వచ్చింది.

వాడు కాలిన చేత్తో, కాలని చేత్తో ఆమె మెడ పట్టుకుని గోడకేసి అదిమాడు. ప్రిస్కిల్లా వాడి వీపు మీదికి ఎక్కి చెవి కొరికింది. ఒక చేత్తో నెత్తురు పట్టుకునే మాస్టారు వాడి కాళ్లు లాగారు. వాడు కదలలేదు. వీరదుర్గ కాళ్లు నేలకి అందడం లేదు. కళ్ళు ఎర్రబడి బయటికి వచ్చాయి. ఆమె మెడలో ఏదో పటుక్కుమంది, నాకు వినపడింది.

మా చర్చికి గంట అంటే వరండాలో వేలాడే రైలు పట్టా ముక్క. దాన్ని కొట్టే ఇనుపరాడ్డు గుమ్మం పక్కనే ఉంటుంది. పెళ్లికీ చావుకీ మా ఆయన చిన్నప్పటినుంచి దాన్నే కొట్టేవాడు, పోయేదాకా అదే పని. పాకుతూ వెళ్లి ఆ రాడ్డు తెచ్చాను. నిలబడ్డాను. రెండు చేతులూ ఎత్తి వాడి కుడి మోచెయ్యి మీద దించాను. విరిగింది. అయినా ఎడం చెయ్యి వదల్లేదు. దాని మీద కూడా దించాను. అప్పుడు వదిలాడు. వదిలాక ఇంకో దెబ్బ కూడా వేశాను, అది మోకాలికి. అది అవసరమా అని ఎస్సై గారు తరవాత అడిగారు. అవసరమేనండి అన్నాను.

వాడు పడ్డాక కిటికీల దగ్గరి ఆడవాళ్లు తిరిగొచ్చి, గది బొంతల దాకా పాకిన మంట మీద ఇసక పోశారు. వాణ్ణి కుర్చీలతో, కాళ్లతో, చేతికి దొరికిన దానితో కొట్టారు. నేను ఆపమనలేదు. అప్పటికి చిట్టియ్య ఆటోలో వచ్చి దిగాడు. మాకు ముందే చెబుదామంటే తన ఫోన్ పోయి, నెంబర్లేవీ గుర్తు రాక, మూతి నిండా గుడ్డ కుక్కుకుని గుమ్మంలో ఏడుస్తూ నిలబడ్డాడు.

గంగరాజు జైల్లో ఉన్నాడు. కేసు నడుస్తోంది. మాస్టారి భుజం అతుక్కుంది, చెయ్యి మాత్రం పైకి లేవదు. వీరదుర్గని రాజమండ్రి ఆసుపత్రిలో మెడకి గొట్టం పెట్టి బతికించారు. లోపలి మెత్తటి ఎముక నలిగిపోయింది, మాట వస్తుంది గాని పాత గొంతు రాదు అన్నారు. వచ్చిన గొంతు గరుగ్గా, తడి లేని బావిలో గిలక తిరిగినట్టు ఉంది. మొదటి మాట విన్న రోజున ప్రిస్కిల్లా దొడ్లోకి పోయి ఏడ్చింది.

జరిగిందంతా ప్రిస్కిల్లా తనవాళ్లకి రాసి పంపింది. ఎక్కడెక్కడి మనుషులో జవాబు రాశారు. కొత్త సిస్టమ్ విడుదల ఆపేశారు. ఆ గొంతుని తీసెయ్యమంటే ఈ క్షణమే తీసేస్తాం, ఆమె ఎలా అంటే అలాగే అన్నారు. కాలిన వాసన ఇంకా పోని హాల్లో కూచున్నాం.

"తీసేద్దాం" అన్నారు ఐజాక్ మాస్టారు. "రేపు వాడి అన్నో తమ్ముడో వింటాడు. మళ్ళీ ఈ పిల్ల ప్రాణం మీదికి వస్తుంది."

"ఆయ్, నాకు ఆ పోలీసోడి గొంతే పెట్టెయ్యండి, సర్దుకుంటాను" అన్నాడు చిట్టియ్య. పళ్ళు లేక మాట జారుతోంది.

వీరదుర్గ చిట్టియ్య కొత్త ఫోన్ తీసుకుంది. అందులో తన పాత గొంతు టైము చెప్పింది. మళ్ళీ నొక్కి మళ్ళీ విన్నది. మెడ మీది మచ్చ మీద చెయ్యేసుకుంది.

"నా గొంతు ఇప్పుడు ఇందులోనే ఉంది మామ్మగారూ" అంది, గరగరా. "నా మెడలోంచి ఆడు తీసేశాడు. ఇందులోంచి మీరు తీసేత్తారా?"

ఫోన్ చిట్టియ్య చేతిలో పెట్టేసింది.

"వినేవోళ్లు వింటారు. నేనెక్కడున్నానో తెలిస్తే వత్తారు. ఇంక దాక్కోను. మీరంతా ఉన్నారుగా" అని, నా వైపు చూసి, "రాడ్డు కూడా ఉందిగా" అంది. ఆ గొంతుతో నవ్వితే దగ్గు వచ్చింది.

తరవాత తనే లేచి, మాడిన బొంతల గదిలోకి వెళ్ళింది. ఎర్ర తువ్వాలు కాలిపోయింది కాబట్టి, నేను నా భుజం మీది తువ్వాలు తీసి గొళ్ళేనికి కట్టాను.  ఆమె బయటికి వచ్చాక ప్రిస్కిల్లా వినిపించింది. అప్పటిదాకా నోట రాని ఆ వాక్యం, విరిగిన గొంతుతో, ఎక్కడా ఆగకుండా వచ్చింది. "సాయానికి పిలుస్తున్నానండి, ధైర్యంగా ఉండండి."

ఇప్పుడు మా సిస్టమ్ ఉన్న ఫోన్లన్నీ మెత్తగా మాట్లాడతాయి. ఆ ఒక్క బటన్ నొక్కితే మాత్రం ఇంకో గొంతు వస్తుంది. అది వెళ్లిన కొన్నాళ్లకి, ఎవరో ఊరు తెలియని మనిషి తప్పు రాసి పంపాడు. ఆపద బటన్ దగ్గర రికార్డింగ్ చెడిపోయింది, గొంతు గీసుకుపోతోంది, సరిచెయ్యండి అని. ప్రిస్కిల్లా అది పైకి చదివి, వీరదుర్గ వైపు చూసింది.

వీరదుర్గ అరటికాయ తరుగుతోంది. తల ఎత్తలేదు.

"చెడిపోలేదండి, అదీ నా గొంతేనండి అని రాయి" అంది. "రాసి, ఆ తప్పు మూసెయ్యి."